ఓడిపోయినవాడికి కట్టిన గుడి

జపాన్ దేవతల గురించి తెలుగులో ఎవరు రాసినా కథ దాదాపు ఒకేచోట మొదలవుతుంది. ఇజనాగి, ఇజనామి ఈటెతో సముద్రాన్ని కలిపి దీవులను పుట్టించడం, సూర్యదేవత అమతెరాసు కోపగించి గుహలో దాక్కోవడం, ఆమె తమ్ముడు సుసనోవో ఎనిమిది తలల పామును చంపడం వరుసగా వస్తాయి. ఆ తరువాత సరస్వతి అక్కడ బెంజైతెన్‌గా, కుబేరుడు బిషామోన్‌తెన్‌గా పూజలందుకుంటున్నారని చెప్పి, మన దేవుళ్లే వాళ్ల దేవుళ్లని సంతోషపడి ముగిస్తారు. ఇందులో అబద్ధమేమీ లేదు. అయితే 712 నాటి కొజికి, 720 నాటి నిహోన్ షోకి రాజాస్థానం రాయించుకున్న గ్రంథాలు. ఏలే వంశం సూర్యుడి సంతతి అని చాటడం వాటి ముఖ్యమైన పనుల్లో ఒకటి. ఆ కథలంటే నాకు గౌరవమే. కానీ జపాన్ దేవలోకంలో నా మనసు పట్టుకున్నవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లు ఒకప్పుడు మనుషులు. రాజ్యం చేతిలో అన్యాయమైపోయి, దిక్కులేని చావు చచ్చినవాళ్లు. తరువాత అదే రాజ్యం వాళ్ల ముందు చేతులు కట్టుకుని నిలబడి, పదవులిచ్చి, బిరుదులిచ్చి, గుడి కట్టి, దేవుళ్లుగా కొలిచింది. వీళ్లను గోర్యో అంటారు.

గోర్యో కథలను ఇంటర్నెట్టులో ఎక్కువగా దెయ్యాల కథలుగానే చెబుతారు. శాపం, పిడుగు, వరుస మరణాలు, చివర్లో ఒళ్లు గగుర్పొడిచే సంగీతం. ఈ చెప్పే పద్ధతి నాకు చాలా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే అసలు సంగతి అందులో మాయమైపోతుంది. న్యాయస్థానం లేని చోట, రాజును ప్రశ్నించే నోరు లేని చోట, తప్పు జరిగిందని రాజ్యం చేత రాతపూర్వకంగా ఒప్పించిన నమ్మకం ఇది. మూఢనమ్మకమని తీసిపారేసేవాళ్లతోనూ, భయపెట్టే వినోదంగా వాడుకునేవాళ్లతోనూ నాకు ఒకే తగాదా: మీరు చనిపోయినవాడి వైపు చూస్తున్నారు, చంపినవాడి వైపు చూడండి.

సుగవరా నో మిచిజానె కథతోనే ఇది చెప్పాలి. ఆయన 845లో పుట్టాడు. తాతల నాటినుంచి చదువే ఆస్తిగా బతికిన వంశం. చైనా సాహిత్యంలో దిట్ట, గొప్ప కవి, కొంతకాలం సనుకి ప్రాంతానికి పాలకుడిగా పనిచేసినవాడు. ఉదా చక్రవర్తి ఆయన ప్రతిభను గుర్తించి పైకి తెచ్చాడు. 894లో చైనాకు రాయబారిగా నియమించినప్పుడు, అక్కడ తాంగ్ సామ్రాజ్యమే కూలిపోతోందని, ఇంత ప్రమాదకరమైన సముద్రయానం ఇంకా అవసరమా అని సభ ముందు పెట్టింది ఆయనే. ఆ రాయబారం ఆగిపోయింది. 899 నాటికి కుడి మంత్రి అయ్యాడు. ఆయనకు పై మెట్టు మీద, ఎడమ మంత్రిగా ఉన్నవాడు ఫుజివరా నో తొకిహిరా. ఫుజివరా అంటే ఆడపిల్లలను చక్రవర్తులకిచ్చి, మనవళ్లను సింహాసనమెక్కించి రాజ్యాన్ని గుప్పిట్లో పెట్టుకున్న వంశం. కేవలం చదువుతో ఆ ఎత్తుకు ఎక్కినవాడిని వాళ్లు ఎంతకాలం సహిస్తారు?

901 మొదట్లో ఉదా కొడుకైన కొత్త చక్రవర్తి దైగో దగ్గరికి ఒక ఆరోపణ వెళ్లింది. మిచిజానె చక్రవర్తిని దించి, ఆయన తమ్ముడూ తనకు అల్లుడూ అయిన రాకుమారుణ్ణి గద్దెనెక్కించాలని చూస్తున్నాడని దాని సారాంశం. విచారణ లేదు. క్యూషూ దీవిలోని దజైఫుకు పేరుకు మాత్రమే ఉన్న ఒక పదవి ఇచ్చి పంపేశారు. కొడుకులను తలో దిక్కుకు తరిమేశారు. విషయం తెలిసి, సింహాసనం వదిలి సన్యసించిన ఉదా పరుగున వచ్చాడు. కన్న కొడుకు ఉన్న రాజభవనంలోకి ఆయన్ను అడుగుపెట్టనివ్వలేదు.

దజైఫులో మిచిజానె కప్పు కారే ఇంట్లో ఉన్నాడు. వెంట తెచ్చుకున్న చిన్న కొడుకు అక్కడే చనిపోయాడు. ఆ రోజుల్లో రాసిన పద్యాలు మనకు మిగిలాయి. వాటిలో ఒకదాన్ని నేను మరిచిపోలేను. కిందటి సంవత్సరం ఇదే రాత్రి సెయిర్యో మందిరంలో చక్రవర్తి కొలువులో కూర్చుని కవిత్వం చెప్పాననీ, మెచ్చి ఆయన ఇచ్చిన వస్త్రం ఇప్పటికీ నా దగ్గరే ఉందనీ, ప్రతిరోజూ దాన్ని రెండు చేతులా ఎత్తి అందులో మిగిలిన పరిమళానికి మొక్కుకుంటున్నాననీ అంటాడు. తనను నాశనం చేసినవాడు ఇచ్చిన బట్ట అది. ఇల్లు విడిచి వస్తూ పెరట్లోని ఉమె (జపాన్ ప్లమ్) చెట్టుతో చెప్పిన మరో పద్యం జపాన్‌లో బడిపిల్లలకు కూడా తెలుసు: తూర్పు గాలి వీచినప్పుడు నీ పరిమళం పంపు, యజమాని లేడని వసంతాన్ని మరిచిపోకు. ఈ రెండు పద్యాల్లో ఎక్కడ వెతికినా శాపం దొరకదు. బెంగ ఉంది, దుఃఖం ఉంది, వెనక్కి పిలుస్తారేమోనన్న ఆశ ఉంది. 903లో ఆయన అక్కడే చనిపోయాడు. శవాన్ని తీసుకెళ్తున్న ఎడ్లబండి ఒకచోట మొరాయించి కదలలేదని, అక్కడే పాతిపెట్టారని చెబుతారు.

ఆ తరువాత జరిగినదంతా రాజధాని క్యోటోలో జరిగింది. 909లో తొకిహిరా నలభై ఏళ్లు నిండకుండానే పోయాడు. 923లో యువరాజు, అంటే తొకిహిరా చెల్లెలి కొడుకు, చనిపోయాడు. అదే ఏడాది చక్రవర్తి మిచిజానెకు కుడి మంత్రి పదవి తిరిగి ఇచ్చి, ఒక మెట్టు పైకి హోదా పెంచి, బహిష్కరణ ఉత్తర్వును రద్దు చేశాడు. పదవి పుచ్చుకోవలసినవాడు చనిపోయి అప్పటికి ఇరవయ్యేళ్లు. అయినా మరణాలు ఆగలేదు. తరువాత యువరాజుగా నిలిపిన పసివాడు కూడా 925లో పోయాడు. 930లో, రాజభవనంలో సభ జరుగుతుండగా పిడుగు పడింది. పడింది ఎక్కడో కాదు, మిచిజానె పద్యంలోని సెయిర్యో మందిరం మీదే. అక్కడికక్కడే ప్రముఖులు చనిపోయారు. చూసి దైగో మంచాన పడ్డాడు. గద్దె దిగి, మూడు నెలల్లోనే కన్నుమూశాడు.

పిడుగుకు మిచిజానె ఎవరో తెలియదు. ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ పిడుగు పడగానే నగరమంతా ఒకే పేరు ఎందుకు పలికింది? ఆ సభలో ఉన్న ప్రతివాడికీ 901లో ఏం జరిగిందో తెలుసు కాబట్టి. ఎవరూ బయటికి అనలేకపోయిన మాటకు పిడుగు ఒక సందు ఇచ్చింది. మిచిజానె బతికుండగా ఒక్క అధికారి కూడా చక్రవర్తి ముఖం మీద ఇది అన్యాయం అనలేకపోయాడు. ఆత్మ కోపంగా ఉందని మాత్రం జ్యోతిష్కుడు అనవచ్చు, పూనకం వచ్చిన ఆడమనిషి అనవచ్చు. నిజానికి మిచిజానె తనకు గుడి కట్టమన్నాడని 942లో చెప్పింది క్యోటోలోని ఒక సామాన్య స్త్రీయే. 947 నాటికి నగరంలోని కితానోలో గుడి వెలిసింది. 987లో రాజాస్థానమే ఆయన్ను తెన్‌జిన్ దేవుడిగా గుర్తించింది. 993లో ఉన్న పదవులన్నిటిలోకీ పెద్దదైన ప్రధానమంత్రి పదవి ఇచ్చింది. ఒక ప్రభుత్వం తన తప్పును తొంభై ఏళ్లపాటు మెట్టు మెట్టుగా ఒప్పుకుంటూ పోయిన చరిత్ర ఇది. ప్రతి మెట్టుకూ తేదీ ఉంది, ఉత్తర్వు ఉంది.

దజైఫు తెన్‌మాంగూకు వెళ్తే ఇప్పుడు కనిపించేది వేరే దృశ్యం. స్టేషను నుంచి గుడిదాకా రెండు వైపులా దుకాణాలు. ఇనుప అచ్చుల్లో ఉమె పువ్వు ముద్ర పడేలా కాలుస్తున్న బియ్యప్పిండి బిళ్లలు, లోపల తియ్యటి ఎర్ర బీన్సు ముద్ద, చేతిలో పట్టుకోలేనంత వేడి. ఆకలితో ఉన్న మిచిజానెకు ఒక ముసలమ్మ ఉమె కొమ్మకు గుచ్చి ఇచ్చిన తినుబండారం ఇదేనని అంటారు. గుడి దారి మొదట్లో పడుకున్న కంచు ఎద్దు. దాని ఒళ్లంతా నల్లబడి ఉంది, తల మాత్రం బంగారంలా మెరుస్తుంది. పరీక్షలు రాయబోయే పిల్లలు ఎద్దు తల నిమిరి తమ తల నిమురుకుంటారు. పక్కన చెక్క పలకలు గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటాయి, ఏ కాలేజీలో సీటు కావాలో సహా రాసి. ప్రధాన మందిరం ముందు కుడివైపున ఉమె చెట్టు. యజమానిని విడిచి ఉండలేక క్యోటోనుంచి ఒక్క రాత్రిలో ఎగిరి వచ్చిందని చెప్పే చెట్టు అదే. అక్కడ నిలబడ్డప్పుడు నాకు సంతోషం, అసంతృప్తి ఒకేసారి కలిగాయి. చదువుకున్నందుకే బలైపోయిన మనిషి దగ్గరికి చదువు కోసం పిల్లలు రావడం అందంగానే ఉంది. కానీ ఆ పిల్లల్లో ఎంతమందికి ఆ వస్త్రం పద్యం తెలుసు? పిడుగుల దేవుడు పరీక్షల దేవుడయ్యేసరికి, ఆయన్ను అలా చేసినవాళ్ల ఊసు పలచబడిపోయింది. గోర్యో ఆచారం మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే, దాన్ని దాచుకోను. దేవుణ్ణి చేయడమంటే క్షమాపణ చెప్పడం. కొంతకాలానికి అదే నోరు మూయించడం కూడా అవుతుంది.

ఫిర్యాదు ఉన్నా ఈ ఆచారాన్ని ఎందుకు సమర్థిస్తున్నానంటే, అది బతికున్నవాళ్లను కూడా కాపాడిందని నమ్ముతున్నాను కనుక. దానికి ఇంకొంచెం వెనక్కి వెళ్లాలి.

785లో కొత్త రాజధాని నగఓకా కడుతుండగా, ఆ పని చూస్తున్న ఫుజివరా అధికారిని రాత్రివేళ బాణంతో కొట్టి చంపారు. కన్ము చక్రవర్తి సొంత తమ్ముడు, యువరాజు సవారా మీద నింద పడింది. ఆయన తాను నిర్దోషినంటూ అన్నపానీయాలు మానేసి, అవాజి దీవికి తీసుకెళ్తుండగా దారిలో చనిపోయాడు. శవాన్ని కూడా వదలలేదు, శిక్ష పూర్తి కావాలని అవాజికే తీసుకెళ్లి పాతారు. తరువాత కన్ము తల్లి, భార్య చనిపోయారు, కొత్త యువరాజు జబ్బుపడ్డాడు, వరదలొచ్చాయి, రోగాలు ప్రబలాయి. నగఓకాను పదేళ్లకే వదిలేసి 794లో క్యోటోకు మారారు. చివరికి 800లో కన్ము తాను చంపుకున్న తమ్ముడికి చక్రవర్తి బిరుదు ఇచ్చాడు.

863లో క్యోటోలో అంటువ్యాధి వచ్చి జనం రాలిపోతుంటే, ప్రభుత్వం షిన్‌సెన్‌ఎన్ అనే రాజోద్యానంలో ఒక పెద్ద శాంతి చేయించింది. ఆరుగురి ఆత్మలకు పీఠాలు పెట్టి, పూలు, పళ్లు పెట్టి, బౌద్ధ భిక్షువుల చేత సూత్రాలు చదివించి, సంగీతం, నాట్యం ఏర్పాటు చేసింది. ఉద్యానం ద్వారాలు తెరిచి మామూలు జనాన్ని లోపలికి రానిచ్చింది. ఆ ఆరుగురూ ఎవరనుకున్నారు? సవారాతో సహా అందరూ రాజద్రోహులుగా ముద్రపడి చచ్చినవాళ్లే. ప్రభుత్వమే రాజద్రోహి అని శిక్షించినవాళ్ల పేర్లను ప్రభుత్వమే ప్రజల ముందు పెట్టి మొక్కింది. ఆ దృశ్యాన్ని ఒక్కసారి ఊహించుకోండి. ఈ శాంతుల వరుసలోనిదే క్యోటోలో ఏటా జూలైలో జరిగే గియోన్ ఉత్సవం. దాని మూలాన్ని 869 నాటి శాంతికి ముడిపెడతారు. ఇప్పటి పర్యాటకులు రథాల ఎత్తు చూసి మురిసిపోతారు, అది భయంలోంచి పుట్టిన పండుగని చాలామందికి తెలియదు.

ఆ ఆరుగురిలో ఒకడిని సాధారణంగా ఫుజివరా నో నకనారిగా గుర్తిస్తారు. 810లో రాజధానిలో అతణ్ణి చంపారు. ఇక్కడొక విషయం ఉంది. ఆ 810 తరువాత 1156 దాకా, అంటే దాదాపు మూడున్నర శతాబ్దాలు, క్యోటో ప్రభుత్వం అధికారికంగా మరణశిక్షలను అమలుచేయలేదు. చట్టంలో శిక్ష ఉంది. తీర్పు వచ్చేది, దాన్ని ఒక మెట్టు తగ్గించి ప్రవాసంగా మార్చేవారు. బౌద్ధం దీనికి ఒక కారణం, నాటి రాజుల స్వభావం ఇంకో కారణం. దూర ప్రాంతాల్లో సైనికులు నరుక్కోవడం ఎటూ ఆగలేదు. కానీ చనిపోయినవాడు తిరిగి వస్తాడన్న భయం కూడా ఇందులో గట్టి కారణమని చరిత్రకారులు చెబుతారు, నాకు అది నిజమనిపిస్తుంది. మంత్రి మిచిజానెకు మరణశిక్ష పడకపోవడం ఆ కాలపు పద్ధతే. మూఢనమ్మకం అనేవాళ్లు దీనికి జవాబు చెప్పాలి. రాజు చేతిని మూడు వందల ఏళ్లకు పైగా ఆపడంలో పాలుపంచుకున్న నమ్మకాన్ని అంత తేలిగ్గా ఎలా తీసేస్తాం?

1156లో ఆ అడ్డుకట్ట తెగింది. గద్దె దిగిన చక్రవర్తి సుతొకు, ఆయన తమ్ముడైన చక్రవర్తి గో-షిరకవా మధ్య క్యోటోలోనే యుద్ధం జరిగింది. సుతొకు ఓడిపోయాడు. ఆయన వైపు నిలిచిన యోధులకు మరణశిక్ష వేసి, వాళ్లను సొంత రక్తసంబంధీకుల చేతనే నరికించారు. సుతొకును సనుకికి పంపేశారు. 1164లో అక్కడే పోయాడు. తాను చేత్తో రాసిన బౌద్ధ సూత్రాలను రాజధానికి పంపితే తిప్పికొట్టారని, నాలుక కొరికి ఆ రక్తంతో శాపం రాశాడని, రాక్షసరూపం దాల్చాడని యుద్ధగాథలు చెబుతాయి. వినడానికి భయంకరంగా ఉంటుంది. అయితే ఆయన ప్రవాసంలో చెప్పిన పద్యాల్లో ఆ పగ కనిపించదు. ఆయన పేరు చెప్పి క్యోటో వణకడం మొదలైంది 1177 ప్రాంతంలో, నగరంలో పెద్ద భాగం తగలబడి, గో-షిరకవా మీద కుట్రలు బయటపడ్డాక. అప్పుడే ఆయనకు సుతొకు అన్న గౌరవనామం కూడా ఇచ్చారు. మిచిజానె విషయంలోలాగే, శాపం దోషుల నగరంలో పుట్టింది.

ఆ భయం ఎంత దీర్ఘకాలం నిలిచిందో చూడండి. 1868లో, ఆధునిక జపాన్ పుట్టబోతున్న వేళ, ఈశాన్యంలో అంతర్యుద్ధం ఇంకా సాగుతుండగా, చక్రవర్తి మెయిజీ సనుకికి దూతను పంపాడు. సుతొకు వర్ధంతి నాడు ఆయన సమాధి ముందు, తిరిగి రాజధానికి రమ్మని వేడుకునే ప్రకటన చదివించాడు. మెయిజీ పట్టాభిషేకం ఆ మర్నాడే జరిగింది. ఏడు వందల ఏళ్ల కిందటి అన్యాయాన్ని సరిదిద్దకుండా కొత్త రాజు సింహాసనమెక్కడానికి జంకాడు. రైళ్లూ తంతి తీగలూ తేబోతున్న ప్రభుత్వం ఇది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది న్యాయమైనదే. ఈ దేవుళ్లంతా రాకుమారులు, మంత్రులు, చక్రవర్తులు. 863 అంటువ్యాధిలో చచ్చిన కూలీలకు ఎవరు పీఠం పెట్టారు? పెద్దింటివాడి ఆత్మకే కోపం వస్తుందా? మన దగ్గర మేడారంలో కాకతీయ సైన్యంతో పోరాడి నేలకొరిగారని చెప్పుకునే సమ్మక్క, సారలమ్మలను కోయలు తమ తల్లులుగా నిలుపుకున్నారు. అక్కడ ఓడినవాళ్లను దేవతలను చేసింది వాళ్ల జనమే, గెలిచిన రాజు కాదు. జపాన్‌లో తొలినాళ్ల గోర్యో శాంతులు రాజాస్థానానివి, రాజాస్థానపు మనుషుల కోసం చేసినవి. దీన్ని నేను కాదనలేను.

కానీ నమ్మకం కిందికి దిగింది. పదిహేడో శతాబ్దంలో ఇప్పటి చిబా ప్రాంతంలోని సకురా సంస్థానంలో పన్నుల భారం భరించలేక రైతులు అల్లాడుతుంటే, సోగొరో అనే గ్రామపెద్ద నేరుగా, అప్పట్లో దేశాన్ని ఏలే సైన్యాధిపతి అయిన షోగన్‌కే అర్జీ ఇచ్చాడని, పన్నులు తగ్గాయి గానీ కట్టు తప్పినందుకు అతణ్ణీ భార్యాపిల్లలనూ చంపేశారని కథ. ఇందులో ఎంత చరిత్రో, ఎంత గాథో విడదీయడం కష్టం. అప్పటి ప్రభువు హొత్తా మసనోబు 1660లో సంస్థానం పోగొట్టుకున్న మాట మాత్రం చరిత్రే. జనం ఆ రెంటినీ కలిపారు. తరువాత సకురాను ఏలిన హొత్తా వంశీయులే సోగొరో ఆత్మకు పూజలు చేయించారు. నరితా దగ్గర అతని పేరిట ఉన్న ఆలయానికి ఇప్పటికీ భక్తులు వస్తున్నారు. ఒక రైతు పేరు చెబితే ప్రభువు వంశం తలవంచింది. రాకుమారుల కోసం పుట్టిన ఆయుధం రైతుల చేతికి చిక్కిందని నేను దీన్ని అర్థం చేసుకుంటున్నాను.

ఆయుధమనే మాట ఊరికే వాడలేదు. ఆధునిక రాజ్యానికి కూడా అది అలాగే కనిపించింది. తైరా నో మసకదో 939లో తూర్పు ప్రాంతాలను గెలిచి తానే కొత్త చక్రవర్తినని ప్రకటించుకున్నాడు. 940లో యుద్ధంలో చనిపోయాడు. క్యోటోలో వేలాడదీసిన అతని తల సొంత గడ్డకు ఎగిరి వచ్చిందన్న చోటు ఇవాళ టోక్యో నడిబొడ్డున, ఒతెమాచి బ్యాంకుల మేడల మధ్య ఉంది. 1923 భూకంపం తరువాత ఆ దిబ్బ మీద ఆర్థికశాఖ తాత్కాలిక భవనం కట్టడం, మంత్రి చనిపోవడం, భవనం తీసేయడం అందరూ చెప్పే కథ. నాకు అంతకన్నా ముఖ్యమైనది 1874లో జరిగింది. మసకదోను శతాబ్దాలుగా కొలిచే కందా మ్యోజిన్ గుడికి మెయిజీ చక్రవర్తి వస్తున్నాడని, రాజుకు ఎదురుతిరిగినవాడు ప్రధాన దేవుడిగా ఉండకూడదని, మసకదోను గర్భగుడిలోంచి తీసి పక్కనున్న చిన్న గుడికి మార్చారు. అతని స్థానంలో పురాణాల్లోని వేరే దేవుణ్ణి తెచ్చి పెట్టారు. చుట్టుపక్కల జనానికి అది మింగుడుపడలేదు. సుతొకును వేడుకుని ఆరేళ్లయినా కాలేదు. చక్రవర్తి వంశంలో పుట్టి ఓడినవాణ్ణి పిలిచి కూర్చోబెట్టిన ప్రభుత్వమే, చక్రవర్తికి ఎదురు నిలిచి ఓడినవాణ్ణి బయటికి పంపింది. అమతెరాసు వంశకథను రాజ్యాంగానికే పునాదిగా చేసుకోబోతున్న ఆ రాజ్యానికి, గుడిలో కూర్చున్న తిరుగుబాటుదారుడు ఏం గుర్తుచేస్తాడో బాగా తెలుసు. మసకదో తిరిగి ప్రధాన మందిరంలోకి వచ్చింది 1984లో. దానికి నూటపదేళ్లు పట్టింది.